జాన్ ఫౌల్డ్స్ జాడ కావాలంటే ముందు మాడ్ మెకార్తీని వెతకండి

మీ ప్రశ్న ఇది: ఆలిండియా రేడియోలో హార్మోనియం నిషేధం గురించి చదువుతుంటే జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు సంగీతకారుడి పేరు తగిలింది. ఆయనెవరు, ఏం రాశాడు, రికార్డులు ఉన్నాయా, జీవితం గురించి ఎక్కడ వెతకాలి? నెట్‌లో గాలిస్తే రెండు పేరాలకు మించి రాలేదని కూడా రాశారు.

పాతికేళ్లుగా పాత రికార్డులు, రేడియో పత్రికలు పోగేస్తున్నవాణ్ణి. నేనూ మొదట్లో మీలాగే వెతికాను, మీలాగే ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. ఫౌల్డ్స్‌ను ఆయన పేరు మీద వెతికితే సగం మనిషే దొరుకుతాడు. రెండో సగం ఆయన భార్య మాడ్ మెకార్తీ పేరు మీద ఉంది. ఆవిడకేమో ఒక పేరు కాదు, నాలుగైదు ఉన్నాయి. అక్కడికి వస్తాను.

ముందు హార్మోనియం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీరు చదివినదాంట్లో చిన్న మెలిక ఉంది. నిషేధం అమల్లోకి వచ్చింది 1940 మార్చి 1న. ఫౌల్డ్స్ 1939 ఏప్రిల్ 25న కలకత్తాలో కలరాతో పోయాడు. అంటే నిషేధానికి పది నెలల ముందే ఆయన లేడు. అయితే ఏ సంబంధమూ లేదా అంటే, ఉంది. 1938లో రేడియో వారి పత్రిక ‘ది ఇండియన్ లిజనర్’లో ఆయన హార్మోనియం మీద ఒక వ్యాసం రాశాడు. పేరు ‘హార్మ్-ఆమ్నియం’. ఇంగ్లీషులో ‘హార్మ్’ అంటే హాని, లాటిన్‌లో ‘ఆమ్నియం’ అంటే అందరిదీ. వాద్యం పేరునే విరిచి ‘సర్వులకూ హాని’ అని వెక్కిరించాడన్నమాట. ఆయన అభ్యంతరం సూటిగా ఉంటుంది. హార్మోనియం మెట్లు పాశ్చాత్య పద్ధతిలో సమానంగా కోసిన పన్నెండు ముక్కలు. వాటి మధ్య ఉండే శ్రుతులు, అంటే సన్నని స్వరభేదాలు, అది పలకదు, స్వరాన్ని ఊపే గమకం అసలే పలకదు. రోజూ దాని పక్కన కూర్చుని పాడే గొంతు మెల్లగా దాని లెక్కకే అలవాటు పడిపోతుంది. 1940 జనవరిలో టాగూర్ కలకత్తా రేడియోకి రాసిన ఉత్తరం కూడా నిషేధం వైపే మొగ్గింది. అప్పటి రేడియో పెద్ద లయొనెల్ ఫీల్డెన్ సంతకంతో ముచ్చట ముగిసింది. అది పాక్షికంగా సడలడానికి 1970లు రావాల్సి వచ్చింది. పద్యనాటకం అనగానే ముందు హార్మోనియం పెట్టె కళ్ల ముందు కదిలే మనవాళ్లకు ఇది ఎంత వింతగా తోచి ఉంటుందో మీరే ఊహించుకోండి. కాబట్టి ‘హార్మోనియం నిషేధించిన తెల్లవాడు’ అని రాస్తే తప్పు. నిషేధానికి వాదన సమకూర్చినవాళ్లలో ఒకడు, అంతవరకే.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీరుస్తాను. రేడియో తెల్లవారి మొదలయ్యేటప్పుడు తంబురా మీద వయొలిన్‌తో వినబడే ఆ సంకేత సంగీతం ఫౌల్డ్స్‌ది కాదు. దాన్ని కట్టిన ఘనత మామూలుగా వాల్టర్ కౌఫ్‌మన్‌కే ఇస్తారు. ఆయన యూరప్ వదిలి వచ్చిన యూదుడు, బొంబాయి స్టేషన్లో పాశ్చాత్య సంగీత విభాగం చూసేవాడు. ఇద్దరిదీ ఒకే కాలం, ఒకే తరహా కొలువు, ఒకాయన బొంబాయిలో, ఒకాయన ఢిల్లీలో. అందుకే పేర్లు కలిసిపోతుంటాయి.

ఇక మనిషి దగ్గరికి. పూర్తి పేరు జాన్ హెర్బర్ట్ ఫౌల్డ్స్. 1880 నవంబరు 2న మాంచెస్టర్‌లోని హల్మ్ అనే పేటలో పుట్టాడు. తండ్రి అక్కడి హాలే ఆర్కెస్ట్రాలో బసూన్ అనే ఊదే వాద్యం వాయించేవాడు. కొడుకు సంగీత కళాశాల మెట్టు ఎక్కలేదు. చిన్నప్పుడే ఇల్లు వదిలి థియేటర్ బృందాల్లో వాయిస్తూ, ఆ పనిలోనే నేర్చుకుంటూ పెరిగాడు. 1900లో అదే హాలే ఆర్కెస్ట్రాలో సెల్లో (వయొలిన్ జాతిలో పెద్ద వాద్యం) వాద్యకారుడిగా చేరాడు. అప్పుడు దాని కండక్టర్, అంటే బృందాన్ని ముందు నిలబడి నడిపేవాడు, హాన్స్ రిష్టర్, వాగ్నర్ దగ్గర పని నేర్చిన మహానుభావుడు. 1906లో లండన్ ప్రామ్స్ కచేరీల్లో హెన్రీ వుడ్ ఈయన కృతి ‘ఎపితలామియం’ వాయించాడు. 26 ఏళ్లు నిండని కుర్రాడికి అది చిన్న మెట్టేం కాదు.

ఆ తర్వాత ఆయన్ని ముంచింది ఓటమి కాదు, ఒక చిన్న గెలుపు. 1911లో ‘కెల్టిక్ సూట్’ అని తేలికపాటి ఆర్కెస్ట్రా కృతి రాశాడు. అందులో రెండో భాగం ‘లామెంట్’, అంటే శోకగీతం. సెల్లో ఒక్కటే నిదానంగా పాడుతుంటే వెనక హార్ప్ నీళ్లలా జారుతుంటుంది. అది జనానికి పిచ్చిగా నచ్చేసింది. పార్కుల్లో బ్యాండ్ వాళ్లు వాయించారు, హోటళ్లలో వాయించారు, లక్క ప్లేట్ల మీదికి ఎక్కింది, రేడియో వచ్చాక రేడియోలో మోగింది. దాంతో ఫౌల్డ్స్ అంటే ‘ఆ కెల్టిక్ లామెంట్ ఆయన’ అయిపోయాడు. 1930ల మొదట్లో ఆయన బీబీసీలో ఉన్న ఏడ్రియన్ బోల్ట్‌కు ఉత్తరం రాస్తూ ఇదే వాపోయాడు: నా తేలిక కృతులే వేస్తున్నారు, గంభీరమైన కృతుల జోలికి ఎవరూ రావడం లేదు, నిజమైన కళాకారుడికి ఇది మింగుడుపడని సంగతి అని. మన సినిమా వాళ్లలోనూ ఒక్క హిట్ పాటకు బందీలైపోయినవాళ్లు కనిపిస్తారు కదా, అదే బాపతు.

ఒక్కసారి మాత్రం ఆయన ఆ చెర దాటి ఆకాశమంత ఎత్తు లేచాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల కోసం, ఏ దేశం వాళ్లయినా సరే అందరి కోసం, 1919 నుంచి 1921 దాకా ‘ఎ వరల్డ్ రిక్వియెమ్’ రాశాడు. 1923 నవంబరు 11న, యుద్ధం ఆగిన రోజున, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో అది మొదటిసారి వినిపించింది. గాయకులు, వాద్యకారులు కలిపి 1,250 మంది. పాఠంలో బైబిల్ ఉంది, క్రైస్తవుల మృతుల ప్రార్థన ఉంది, పాత ఇంగ్లీషు రచయిత జాన్ బన్యన్ ఉన్నాడు. వాళ్ల మధ్య మన కబీరు కూడా ఉన్నాడు! 1923లో, సామ్రాజ్యపు నడిబొడ్డున, ఇంగ్లీషు సైనికుల సంస్మరణలో కబీరు పలుకు పెట్టడానికి ఎంత తెగువ కావాలో చూడండి. వరసగా నాలుగేళ్లు, 1926 దాకా, ఏటా అదే తేదీకి వాయించారు. 1927 వచ్చేసరికి ఆ హాల్లో సైనికుల పాటలు అందరూ కలిసి పాడే వేరే సభ పెట్టారు. రిక్వియెమ్ అటకెక్కింది. మళ్లీ దాన్ని పూర్తిగా వాయించింది 2007 నవంబరు 11న. ఎనభై ఏళ్ల పైచిలుకు అది ఎవరి చెవినా పడలేదు.

ఆ దెబ్బ తిన్నాక 1927లో ఫౌల్డ్స్ పారిస్ వెళ్లిపోయాడు. అక్కడ మూగ సినిమాలకు పియానో వాయించి పొట్టపోసుకున్నాడు. రాత్రిళ్లు సినిమాహాల్లో కూర్చున్న ఆ కాలంలోనే తన గొప్ప కృతులు రాశాడు. అవెలా వచ్చాయో అర్థం కావాలంటే మాడ్ మెకార్తీ సంగతి చెప్పాలి.

మాడ్ 1882లో ఐర్లండ్‌లో పుట్టింది. చిన్నతనంలోనే వయొలిన్ కచేరీలతో పేరు తెచ్చుకుంది. తర్వాత థియొసాఫికల్ సొసైటీలో చేరి, అనీబిసెంట్ వెంట 1907లో మన దేశం వచ్చింది. రెండేళ్లు ఇక్కడ తిరిగి మన సంగీతం విన్నది, నేర్చుకున్నది, రాసుకున్నది. వెనక్కి వెళ్లి 1912లో లండన్ మ్యూజికల్ అసోసియేషన్ వారి ముందు భారతీయ సంగీత భావనల మీద ప్రసంగం చేసింది. ఏదో దొరసాని కాలక్షేపం ముచ్చట్లు కాదవి. ఆవిడ స్వయంగా శ్రుతి భేదాలు పాడి చూపించగల మనిషి. ఫౌల్డ్స్‌కు ఆవిడ 1915లో పరిచయమైంది. ఇద్దరికీ అప్పటికే వేరే సంసారాలున్నాయి. అవి వదిలి ఇద్దరూ ఒకటయ్యారు. అక్కణ్ణుంచి ఆయన రాతలో మన సంగీతం ఎక్కడెక్కడ కనిపిస్తుందో, అక్కడల్లా వెనక ఆవిడ ఉంది.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. పాత కాగితాల్లో ఆవిడ ఒకచోట మాడ్ మెకార్తీ, 1912 ప్రసంగంలో మాడ్ మన్ (మొదటి భర్త ఇంటిపేరు), కొన్నిచోట్ల మిసెస్ ఫౌల్డ్స్, 1930లలో కాశ్మీరులో వేసిన పుస్తకాల మీద తంద్రాదేవి, చివరికి సన్యాసం పుచ్చుకున్నాక స్వామి ఓమానంద పురి. నేను చాన్నాళ్లు ఈ అయిదుగురినీ అయిదుగురు వేర్వేరు మనుషులనే అనుకున్నాను. నా నోటు పుస్తకంలో తంద్రాదేవికి ఒక పేజీ విడిగా కేటాయించి, ‘ఎవరీవిడ? బెంగాలీయా?’ అని రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది.

1935లో దంపతులు ఇండియా వచ్చేశారు. ఫౌల్డ్స్ ఇక్కడి జానపద బాణీలు సేకరించాడు. 1937లో ఢిల్లీ స్టేషన్లో యూరోపియన్ సంగీతానికి అధిపతి అయ్యాడు. రేడియోలో ‘ఆర్ఫియస్ అబ్రాడ్’ అనే పేరుతో ప్రసంగాలు చేశాడు. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి: మన వాద్యకారులను కూర్చోబెట్టి, వాళ్లకు నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరలిపి) చదవడం నేర్పి, మన వాద్యాలతోనే ఒక బృందం తయారు చేశాడు. సితారు, సారంగి పట్టిన చేతులు గురుముఖంగా తప్ప నేర్చి ఎరగవు. వాళ్ల ఎదుట కాగితం పెట్టి, ఇందులో ఉన్నది ఉన్నట్టు వాయించండి అన్నాడు. ఇక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. హార్మోనియం మన గొంతులను ఒక లెక్కలో బిగిస్తుందని ఏడ్చినవాడే, నొటేషన్ కాగితం కూడా అదే పని చేస్తుందని గమనించినట్టు లేడు. గమనించి కూడా తప్పదనుకున్నాడేమో. ఏమైనా ఆ బృందం నిలిచింది మహా అయితే రెండేళ్లు. 1939 ఏప్రిల్లో కలకత్తాకు బదిలీ మీద వెళ్లాడు. వెళ్లిన వారం తిరగకుండానే కలరా. వయసు 58.

ఆయన పోయాక మాడ్ చాలా ఏళ్లు ఇక్కడే ఉండిపోయింది. కాగితాలూ ఆవిడతోనే ఉన్నాయి. మన వానాకాలం, మన ఎలుకలు, మన చీమలు ఆ స్కోర్లను ఏం చేసి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ ఇంగ్లండు తిరిగి వెళ్లి 1967లో పోయింది. 1970లలో మాల్కమ్ మెక్‌డొనాల్డ్ అనే యువ విమర్శకుడు ఫౌల్డ్స్ గురించి ఆరా తీస్తూ ఆయన కూతురింటికి చేరాడు. అక్కడ శవపేటికలంతేసి పెట్టెలు రెండు బయటపడ్డాయి. వాటి నిండా చేతిరాత స్కోర్లు, చిత్తు కాగితాలు. కొన్నిటి అంచులు కొరికేసి ఉన్నాయి. ఇవాళ మనం ఫౌల్డ్స్ గురించి మాట్లాడుకుంటున్నామంటే ఆ పెట్టెల పుణ్యం, మెక్‌డొనాల్డ్ ఓపిక పుణ్యం. 1975లో ఆయన రాసిన జీవితచరిత్రే మొదటిది. దాన్ని పెంచి 1989లో మళ్లీ వేశారు. మీరు ఒక్క పుస్తకమే చదవగలిగితే ఆ రెండో కూర్పు చదవండి. మాడ్ వైపు కథకు నళినీ ఘుమన్ 2014లో వేసిన ‘రెజొనెన్సెస్ ఆఫ్ ది రాజ్’ చూడండి. అందులో ఇండియా భాగం మెక్‌డొనాల్డ్ కంటే బాగా తవ్వారు.

పెట్టెల్లో దొరకనివి కూడా చెప్పాలి. ‘సింఫనీ ఆఫ్ ఈస్ట్ అండ్ వెస్ట్’ అని పాశ్చాత్య ఆర్కెస్ట్రాకూ మన వాద్యాలకూ కలిపి ఢిల్లీ రోజుల్లో రాసిన కృతి పోయింది. ‘క్వార్టెట్టో జెనియాలె’ అనే తీగవాద్యాల చతుష్టయంలో నెమ్మది భాగం ఒక్కటే మిగిలింది. ఆ మిగిలిన ముక్క ఎంత బాగుంటుందంటే, పోయినవాటి మీద బెంగ రెట్టింపవుతుంది.

రికార్డుల సంగతి. ఎక్కడ మొదలుపెట్టాలో నన్నడిగితే ‘త్రీ మంత్రాస్’. సంస్కృతంలో ‘అవతార’ అని ఒక ఒపెరా రాయాలనుకుని ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, చివరికి వదిలేశాడు. మూడు అంకాలకూ ముందు వాయించే ప్రీల్యూడ్లు మాత్రం దాచుకున్నాడు. అవే మూడు మంత్రాలు: క్రియ, ఆనందం, సంకల్పం. మొత్తం ఓ పాతిక నిమిషాలు. మొదటిది పరుగు. రెండోదాంట్లో మాటల్లేని ఆడగొంతులు దూరం నుంచి వస్తాయి. మూడోదానికి మాత్రం ఇంట్లో వాళ్లకు చెప్పి పెట్టుకోండి, గోడలు అదురుతాయి.

ఆ మూడో మంత్రం దగ్గర మనలాంటివాళ్లు కాస్త ఆగాలి. అది మొదలు నుంచి చివరి దాకా ఏడే స్వరాల మీద నడుస్తుంది. బయటి స్వరం ఒక్కటి కూడా రాదు. కర్ణాటక సంగీతంలో ఏడేసి స్వరాల వరసలను 72 మేళాలుగా పేర్చిన మన మేళకర్త పట్టికలోంచి తీసుకున్న పద్ధతి అది. వాటిలో శంకరాభరణం వాళ్ల మేజర్ స్కేలే, కీరవాణి వాళ్ల హార్మోనిక్ మైనరే. కానీ మిగతావాటిలో చాలాభాగం వాళ్ల చెవికి కొత్త. ముఖ్యంగా రెండు స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఆ వెంటనే పెద్ద ఖాళీ వచ్చే వివాది మేళాలు. ఫౌల్డ్స్‌కు అవే కావాలి. వాటితో ఇత్తడి వాద్యాలను, డ్రమ్ములను గుంపుగా ఉసిగొల్పితే ఎలా ఉంటుందో ఆ మంత్రంలో వినండి.

అయితే అందులో రాగం కోసం వెతక్కండి. ఆయన మేళాన్ని తీసుకున్నాడు, రాగాన్ని తీసుకోలేదు. ఏ స్వరం మీద నిలవాలి, దేన్ని ఊపాలి, ఏ సంచారం వస్తే రాగం ముఖం కనబడుతుంది, ఆ గొడవలేవీ అక్కడ ఉండవు. ఏడు స్వరాలూ ఏడు ఇటుకలు, వాటితో పాశ్చాత్య పద్ధతిలో గోడ కడతాడు. ఒక పెద్దాయనకు, కర్ణాటక సంగీతం బాగా తెలిసినవారికి, ఒకసారి ఇది వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విని, ‘ఆరోహణ అవరోహణ అప్పజెబుతున్నాడయ్యా, కానీ ఏం గొంతుతో అప్పజెబుతున్నాడు!’ అన్నారు. ఇంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు.

రికార్డింగుల్లో కండక్టర్ సకారి ఒరామో బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రాతో వార్నర్ కంపెనీకి చేసిన రెండు సీడీలు ముందు పట్టండి. 2004 నాటి మొదటిదాంట్లో మంత్రాలతో పాటు ‘మిరాజ్’, ‘లైరా కెల్టికా’, వయొలిన్ మీద డేనియల్ హోప్ వాయించిన ‘అపొథియోసిస్’ ఉన్నాయి. ‘లైరా కెల్టికా’ మాటల్లేని ఆడగొంతుకు రాసిన కన్సర్టో, అంటే ఒకరు ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి నడిపే కృతి. అందులో గాయని పావు స్వరాలు, అంటే హార్మోనియం పక్కపక్క మెట్ల నడిమధ్య పడేవి, పాడుతుంది, వినితీరాలి. 2006 నాటి రెండోదాంట్లో పీటర్ డొనహో పియానో మీద ‘డైనమిక్ ట్రిప్టిక్’ ఉంది. మంత్రాలను అంతకుముందే, 1990లలో, బ్యారీ వర్డ్స్‌వర్త్ లండన్ ఫిల్హార్మానిక్‌తో లిరిటా కంపెనీకి చేశాడు. కొందరికి అదే ఎక్కువ ఇష్టం. నాకు ఒరామో వేడి నచ్చుతుంది.

‘డైనమిక్ ట్రిప్టిక్’ పియానో కన్సర్టో. 1931లో ఎడిన్‌బరాలో డొనాల్డ్ టోవీ కండక్టరుగా, ఫ్రాంక్ మెరిక్ పియానో మీద మొదటిసారి వినిపించారు. మూడు భాగాల పేర్లు మోడ్, టింబర్, రిథమ్, అంటే వరసగా మేళం, నాదం, లయ అనుకోండి. మొదటి భాగం మళ్లీ ఒకే ఏడు స్వరాల పట్టు. రెండో భాగంలో ఒక చోటు ఉంది: పియానో పైన ఒంటరిగా మాట్లాడుకుంటుంటే, కింద తీగవాద్యాలన్నీ పావు స్వరాల్లో కిందికి జారతాయి. నేల కుంగినట్టుంటుంది. మనవాళ్లు దాన్ని వినగానే జారు (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే గమకం) అనేస్తారు. కాదు. మన 22 శ్రుతులు ఎగుడుదిగుడు మెట్లు. ఆయన పావు స్వరాలు స్థాయిని సమానంగా 24 ముక్కలు చేసినవి. పైగా మాడ్ పరిచయం కాకముందు నుంచీ ఆయనకు ఆ అలవాటు ఉంది. 1898లోనే ఒక క్వార్టెట్‌లో వాడానని తనే చెప్పుకున్నాడు. కాబట్టి పావు స్వరాల ఘనతను ఇండియా ఖాతాలో వేయొద్దు. మేళాలది వేయొచ్చు.

ఈ కన్సర్టో మొదటి ఎల్పీ 1984లో లిరిటా వాళ్లే వేశారు. హోవర్డ్ షెల్లీ పియానో, వెర్నన్ హ్యాండ్లీ కండక్టర్. ఆ ఎల్పీ కోసం నేను పడ్డ పాట్లు ఒక చోట చెప్పుకోవాలి. పరాయి దేశం నుంచి ఒక పాత రికార్డుల అంగడివాడి దగ్గర పోస్టులో తెప్పించాను. అట్ట ఫౌల్డ్స్‌దే, ముచ్చటగా ఉంది. లోపల ప్లేటు మాత్రం ఎవరిదో బ్రాస్ బ్యాండ్ మార్చింగ్ పాటలు. తిరిగి పంపాలంటే పోస్టు ఖర్చు ప్లేటు ధర కంటే ఎక్కువ. అట్ట ఇప్పటికీ గోడకు ఉంది. కాబట్టి పాత ఎల్పీలు కొనేటప్పుడు ప్లేటు మధ్య లేబుల్ ఫోటో అడిగి తీసుకోండి.

చిన్న బృందాల సంగీతం ఇష్టమైతే 1980ల మొదట్లో పెర్ల్ కంపెనీకి ఎండెలియన్ క్వార్టెట్ వాయించినది వెతకండి. ‘క్వార్టెట్టో ఇంటిమో’ అందులో ఉంది, ఇందాక చెప్పిన మిగిలిన ముక్కా ఉంది. పియానో ఒక్కటే వినాలనుంటే ‘ఎస్సేస్ ఇన్ ది మోడ్స్’. ఒక్కో ముక్క ఒక్కో మేళం, చిన్నవి, మేళకర్త పట్టిక పక్కన పెట్టుకుని ఏది ఏదో పోల్చుకోవడం మంచి సరదా. క్యాథరిన్ స్టాట్ వాయించినది బాగుంటుంది. ‘గంధర్వ మ్యూజిక్’ కూడా ఆ సీడీలోనే ఉంది. వరల్డ్ రిక్వియెమ్‌కు మాత్రం వెతుకులాట లేదు, ఒకటే ఉంది: 2007 నాటి ఆల్బర్ట్ హాల్ కచేరీనే లియాన్ బాట్‌స్టైన్ కండక్టరుగా ఛాండోస్ వాళ్లు రెండు సీడీలుగా వేశారు. నిజం చెప్పాలంటే అది ఎగుడుదిగుడు కృతి. మధ్యలో సాగతీత ఉంది. ఒకేసారి కూర్చుని వినొద్దు, రెండు విడతలుగా వినండి. తేలిక సంగీతం కావాలంటే మార్టిన్ యేట్స్ డటన్ కంపెనీకి చేసిన సీడీలు కొన్ని ఉన్నాయి.

జీవితం గురించి మీరే తవ్వాలనుకుంటే కొన్ని కిటుకులు. ‘కెల్టిక్ సూట్’లో ‘కెల్టిక్’ అన్న మాటను ఆయన ‘సి’తో కాదు, ‘కె’తో రాశాడు. సగం మంది ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోతారు. స్కాన్ చేసిన పాత పత్రికల్లో మెషిన్ ఆయన పేరులోని ‘ఎల్’ అక్షరాన్ని ‘ఐ’గానో ఒకటో అంకెగానో చదివేస్తుంది. అందుకని పేరు కొట్టి ఊరుకోకుండా కృతి పేరు, స్టేషను పేరు, తేదీ పట్టుకుని పేజీలు తిప్పండి. స్ట్రీమింగులో కంపోజర్ పేరు కింద రాకపోతే కండక్టర్ పేరుతో వెతకండి. బ్రిటన్ రేడియోలో ఏం వేశారో తెలియాలంటే బీబీసీ వారి పాత ‘రేడియో టైమ్స్’ జాబితాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అక్కడ వెతికితే ‘లామెంట్’ ‘లామెంట్’ అని వరసగా వస్తుంటుంది. బోల్ట్‌తో ఆయన ఎందుకంత వాపోయాడో ఆ జాబితా చూస్తే అర్థమవుతుంది. చేతిరాత స్కోర్లు బ్రిటిష్ లైబ్రరీలో, మాడ్ కాగితాలు యార్క్ విశ్వవిద్యాలయపు బోర్త్‌విక్ సంస్థలో ఉన్నాయి.

మన వైపు పని ‘ఇండియన్ లిజనర్’లో. చాలా సంచికలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. 1937, 38, 39 సంచికల్లో ఢిల్లీ కార్యక్రమాల పట్టికలు చూడండి. ప్రసారాలు అప్పట్లో ఎక్కువగా ప్రత్యక్షంగానే జరిగేవి, కాబట్టి ఆ సంగీతానికి శబ్దం కంటే అచ్చు సాక్ష్యమే గతి. సాయంత్రం స్లాట్లలో ‘ఇండో-యూరోపియన్ ఆర్కెస్ట్రా’ అన్న మాట కనిపిస్తే ఆ పేజీ దాచుకోండి. పక్కనే కృతుల పేర్లు ఉంటే ఇంకా మంచిది. పోయిన కృతుల్లో ఏది ఏ రాత్రి వాయించారో తేల్చడానికి పనికొచ్చేవి అవే.

మీ ఊళ్లో పాత గ్రంథాలయం ఉంటే, లేదా ఇంట్లో ఎవరైనా రేడియోలో పనిచేసి ఉంటే, ఆ మూడేళ్ల సంచికలు ఎక్కడైనా కట్టలు కట్టి ఉన్నాయేమో చూడండి. దొరికితే అట్ట కాదు, లోపలి ఢిల్లీ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నా దగ్గర 1938 జులై నాటివి కొన్నున్నాయి, మీ దానితో పోల్చి చూద్దాం.